రోగం కొట్టిన అడవిలో ఈ ఏడాది జింకల వేటకు వెళ్లవచ్చా? (ఆగ్నేయ ఒహాయో, ప్రభుత్వ భూమి)

మంచెమీద (కొలంబస్, ఒహాయో) | 2025 నవంబర్ 9, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఈ విభాగంలో ఎక్కువగా చేపల గేలాలూ, కొండలెక్కే బూట్లూ మాట్లాడుకుంటాం కాబట్టి ముందే చెబుతున్నాను, ఇది జింకల వేట గురించి. ఇష్టం లేనివారు ఇక్కడే ఆగిపోవచ్చు.

నాలుగేళ్లుగా వేన్ నేషనల్ ఫారెస్ట్‌లో, ఏథెన్స్ వైపు భాగంలో, విల్లుతో వేటాడుతున్నాను. నాకు పొలం లేదు, పొలం ఉన్న స్నేహితుడూ లేడు. ప్రభుత్వ అడవే దిక్కు. ప్రతి ఏడాదీ వేసవి చివర్లో వెళ్లి మంచె ఎక్కడ కట్టాలో చూసుకుని వస్తాను. ఈసారి వాగులోకి దిగకముందే వాసన తగిలింది. మలుపు తిరిగితే ఒక ఆడ జింక. ముందు కాళ్లు రెండూ నీళ్లలో ఉన్నాయి, మూతి నీటి అంచుకు ఆనుకుని ఉంది. నాలుక వాచి, నీలంగా, పళ్ల మధ్య నుంచి పక్కకు వచ్చి ఉంది. దానికి ఇరవై అడుగుల్లో ఇంకొకటి. అర మైలు నడిచేసరికి ఐదు లెక్కపెట్టాను. ముందుకు వెళితే ఇంకా ఉంటాయని ఈగల మోత చెబుతూనే ఉంది. వెనక్కి తిరిగాను.

అది ఈహెచ్‌డీ అనే జింకల జబ్బు అని తరువాత తెలిసింది. ఏథెన్స్, మెగ్స్, వాషింగ్టన్ కౌంటీలను గట్టిగా దెబ్బతీసింది. రాష్ట్ర వన్యప్రాణి విభాగం అక్కడ వేట పరిమితిని కూడా తగ్గించింది. తుపాకీ సీజను డిసెంబర్ 1న మొదలవుతుంది. లైసెన్సూ, పర్మిట్టూ కొనేశాను. ఇప్పుడు వెళ్లాలా, వద్దా? వెళితే ఆడ జింకను కొట్టవచ్చా? చట్టం ఏమంటుందో చదువుకున్నాను, అది కాదు నా ప్రశ్న. నా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?

---

సందేహాలరావు (న్యూజెర్సీ) | నవంబర్ 9, ఉదయం 9:15

రోగంతో చచ్చిన మందలోని జింకను ఇంటికి తెచ్చి వండుకుంటారా? మనుషులకు అంటదని రాసిచ్చిన వారెవరు? ఇంకో సందేహం, కొంచెం పక్కదే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు అసలు తుపాకీ పట్టుకోవచ్చా? మా ఆఫీసులో ఒక కుర్రాడు సరదా పడుతున్నాడు, నాకు భయం వేస్తోంది.

---

గొర్రెలడాక్టర్ (అనంతపురం, ప్రస్తుతం సిన్సినాటిలో అబ్బాయి ఇంట్లో) | నవంబర్ 9, మధ్యాహ్నం 12:02

రావు గారూ, మొదటి సందేహానికి నేను జవాబు చెప్పగలను. ముప్పై ఏళ్లు గొర్రెల వెంట తిరిగినవాడిని.

ఈహెచ్‌డీ అంటే ఎపిజూటిక్ హెమరేజిక్ డిసీజ్. 1955లో న్యూజెర్సీలో, అంటే మీ రాష్ట్రంలోనే, తెల్లతోక జింకల్లో మొదట గుర్తించారు. మన గొర్రెలకు వచ్చే నీలి నాలుక వ్యాధి ఉంది చూశారూ, దాని వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. మోసుకొచ్చేదీ ఒకే జాతి పురుగు, క్యూలికాయిడిస్. దోమ కంటే చాలా చిన్నది, బురదలో పుడుతుంది. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మందల మీద పడుతుంది. ఇక్కడ తీరు వేరు. ఎండలకు వాగులు ఇంకిపోయి, గట్ల వెంట మెత్తటి బురద తేలుతుంది. అదే దాని పురిటిగది. జింకలు కూడా నీళ్ల కోసం అక్కడికే చేరతాయి.

కుట్టిన వారం పది రోజుల్లో జ్వరం వస్తుంది. మెడ, కనురెప్పలు, నాలుక వాస్తాయి. లోపల రక్తనాళాలు చిట్లుతాయి. ఒళ్లు కాలిపోతుంటే జింక నీళ్లలోకి దిగుతుంది. లక్షణాలు కనబడ్డాక తీవ్రమైన కేసుల్లో ఎనిమిది నుంచి ముప్పై ఆరు గంటలే. మంచెమీద గారు చూసిన ముందు కాళ్లు నీళ్లలో ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందా?

జింక నుంచి జింకకు నేరుగా అంటదు. మనిషికి రాదు. గట్టి మంచు పడితే ఆ పురుగు చస్తుంది, దానితో ఆ ఏటికి జబ్బు ఆగిపోతుంది. డిసెంబర్ మొదటి వారానికి మీకు ఆ భయం అక్కర్లేదు. కాకపోతే బతికి బయటపడ్డ జింకల్లో కొన్నిటికి గిట్టలు చిట్లుతాయి, ఆ పుండ్లలో చీము పడుతుంది. కోసినప్పుడు గడ్డలు కనబడితే, బక్కచిక్కి ఉంటే, ఆ మాంసం వద్దు. ఆరోగ్యంగా కనబడే జింకను బాగా ఉడికించి తినండి.

---

వాగుకవతల (లెక్సింగ్టన్, కెంటకీ) | నవంబర్ 9, రాత్రి 8:30

డాక్టర్ గారు చెప్పాక చెప్పడానికి మిగిలింది అడవి సంగతే.

2017లో తూర్పు కెంటకీని ఇదే జబ్బు పట్టింది. నేను వేటాడే లోయలో ఆ ఏడాది నవంబర్‌లో నాలుగు రోజులు కూర్చుంటే ఒక్క తోక కనబడలేదు. విసుగొచ్చి రెండు గట్లు దాటి అవతలి లోయకు వెళ్లాను. అక్కడ ఏమీ జరగనట్టే ఉంది! ఈ జబ్బు దుప్పటిలా పరుచుకోదు, చిల్లులు పొడిచినట్టు పడుతుంది. ఒక వాగు ఖాళీ అవుతుంది, పక్క వాగు నిండుగా ఉంటుంది. కౌంటీ మొత్తానికి ఒక అంకె చెబితే దానితో వేటగాడికి ఒరిగేది తక్కువ. మీ కాళ్లతో నడిచి చూడాల్సిందే.

మంచెమీద గారూ, మీ పాత మంచెను ఈ ఏడాదికి వదిలేయండి. వాగు మొహం చూడకండి. గట్టు మీద ఓక్ చెట్ల కింద గింజలు రాలి ఉంటాయి, వాటి దగ్గర పెంటికలు తాజాగా ఉన్నాయో లేదో చూడండి. మూడు గట్లు నడిచినా తాజా పెంటిక కనబడకపోతే తుపాకీని కారులోనే పెట్టి, కాఫీ తాగి ఇంటికి వెళ్లండి. మంద బాగా ఉన్నచోట కొట్టండి, అందులో తప్పేమీ లేదు. ఆడదైనా సరే.

ఇంకో మాట. వేన్ అడవి ఒకే ముక్క కాదు. రెండు లక్షల ఎకరాల పైచిలుకు భూమి ఉన్నా, మధ్యమధ్యలో ప్రైవేటు భూములు చొచ్చుకుని ఉంటాయి. గట్టు మారినప్పుడల్లా ఫోనులో హద్దు చూసుకోండి.

---

నల్లమలగాలి (ఆత్మకూరు, నంద్యాల జిల్లా) | నవంబర్ 10, ఉదయం 6:55

చదువుతున్నంతసేపూ నోట మాట రాలేదు. మంద సగం చచ్చిందని మీరే అంటారు, మిగిలిన సగాన్ని ఎలా కొట్టాలో మీరే చెప్పుకుంటారు.

మాది శ్రీశైలం పులుల అభయారణ్యం అంచున ఉన్న ఊరు. ఇక్కడ దుప్పి ఒంటి మీద చెయ్యి వేస్తే జైలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తరతరాలుగా విల్లంబులు పట్టిన చెంచులకే ఆ హక్కు లేకుండా పోయింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అమెరికా వెళ్లి విల్లు పట్టుకుంటే మాత్రం అది వారాంతపు విహారమా? నేను ఉచ్చుల్లో తెగిన దుప్పి కాళ్లు చూశాను, కరెంటు తీగకు మాడిన కడుపుతో ఉన్న ఆడదాన్ని చూశాను. అందుకే అడుగుతున్నాను. జబ్బు వచ్చిన ఏడాది వేటను పూర్తిగా ఆపేస్తే ఎవరికి నష్టం?

---

మంచెమీద | నవంబర్ 10, ఉదయం 8:20

నల్లమలగాలి గారూ, చెంచుల మాట గుచ్చుకుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మిగతాదానికి మాత్రం ఉందనుకుంటాను, సాయంత్రం రాస్తాను. ఇప్పుడు మీటింగు ఉంది.

---

వాగుకవతల | నవంబర్ 10, సాయంత్రం 5:10

ఆయన మీటింగు తేలేలోపు నేను రాస్తాను.

ఉచ్చు పెట్టేవాడినీ, లైసెన్సు కొని నారింజ చొక్కా వేసుకుని తెల్లవారుజామున కూర్చునేవాడినీ ఒకే గాటన కట్టకండి. మీ నల్లమలలో పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కలున్నాయి. దుప్పుల లెక్క అవి చూసుకుంటాయి. ఒహాయోలో తోడేళ్లూ, కూగర్లనే పెద్ద పిల్లులూ 19వ శతాబ్దంలోనే పోయాయి. ఇప్పుడు మిగిలినవి తోడేలు కంటే చిన్నవైన కయోటీలు, బాబ్‌క్యాట్‌లనే అడవి పిల్లులు. అవి పిల్లలను తినగలవు తప్ప పెద్ద మందను అదుపులో పెట్టలేవు.

మీకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. 1904 నాటికి ఒహాయోలో జింక అన్నదే లేదు. అడ్డూ అదుపూ లేని వేట, అడవుల నరికివేత తుడిచిపెట్టేశాయి. బయటి నుంచి తెచ్చి వదిలి, కాపాడి, 1943లో మూడంటే మూడు కౌంటీల్లో మళ్లీ వేట తెరిచారు. ఇవాళ ఆ రాష్ట్రంలో ఏడాదికి రెండు లక్షలకు పైగా జింకలను కొడుతున్నా మంద నిలబడే ఉంది. మళ్లీ నిలబెట్టిన డబ్బులో పెద్ద వాటా లైసెన్సులదే. దానికి తోడు 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ఉంది. పొడవు తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వేసి వన్యప్రాణుల పనులకు రాష్ట్రాలకు పంచుతారు. వేట మొత్తం ఆపితే ఆ రాబడీ ఆగుతుంది.

అలాగని మీ ప్రశ్నను కొట్టిపారేయడం లేదు. ఒక్కో లోయలో ఆపాల్సిన మాట నిజమే. కాగితం మీద కౌంటీ హద్దు గీసినట్టు లోయకు లోయగా గీయలేరు, అదీ చిక్కు.

---

సొరపాదు (డబ్లిన్, ఒహాయో) | నవంబర్ 10, రాత్రి 9:05

అయ్యా, అడవిలో జింకలు లేవని బాధపడుతున్నవారందరూ మా పెరటికి రండి! నేను మాంసం ముట్టను, అయినా చెబుతున్నాను. జూన్‌లో పందిరి వేసి సొరపాదు పెట్టాను. ఒక తల్లి, రెండు పిల్లలు. లేత కొసలన్నీ కత్తిరించినట్టు కొరికేశాయి. బంతిపూలు తినవన్నారు, తిన్నాయి. పచ్చిమిరప మొక్కల ఆకులు కూడా తిన్నాయి. సబ్బు ముక్కలు వేలాడదీశాను, వాసన చూసి వెళ్లాయి. పోయిన అక్టోబర్‌లో మావారి కారు ముందుకు ఒకటి దూకింది. బంపర్, దీపం, రేడియేటర్ పోయాయి. జింక మాత్రం లేచి, మమ్మల్ని ఒకసారి చూసి వెళ్లిపోయింది.

నా అనుమానం ఒకటే. ఊళ్లో ఇన్ని ఉండి అడవిలో లేకపోవడమేమిటి?

---

తూకంరాయి (సెయింట్ లూయిస్, మిస్సోరి) | నవంబర్ 11, ఉదయం 7:30

సొరపాదు గారి అనుమానం చాలా మంచిది. ప్రభుత్వ అడవి అంటే ఎక్కువగా ముదురు చెట్లు. కింద ఎండ పడదు, జింక నోటికందే ఎత్తులో మేత తక్కువ. మీ కాలనీలో ఎరువు వేసిన మొక్కలున్నాయి, తుపాకీ మోత లేదు. పొలాల అంచుల్లో మొక్కజొన్న, సోయా ఉన్నాయి. అందుకే జబ్బు లేని ఏడాదిలో కూడా అడవిలో మంద పలచగానే ఉంటుంది. అక్కడే మనలాంటి భూమి లేనివాళ్లందరం పోగవుతాం. పలచటి మంద, ఎక్కువమంది వేటగాళ్లు, పైన జబ్బు. కెంటకీ అన్నగారితో నేను విడిపోయేది ఇక్కడే. ప్రైవేటు భూమిలో ఆయన మాట ఒప్పుకుంటాను, ప్రభుత్వ భూమిలో ఒప్పుకోను.

ఒక ఊహా లెక్క వేస్తాను. ఒక లోయలో వంద జింకలు. జబ్బుకు నలభై పోయాయి. మిగిలిన అరవైలో ముప్పై ఐదు ఆడవి అనుకుందాం. ఆడ జింక సాధారణంగా ఇద్దరు పిల్లలను ఈనుతుంది, కయోటీలూ కార్లూ పోగా ఒక్కటి నిలుస్తుందనుకోండి. ఆడవాటిని ముట్టకపోతే వచ్చే శరదృతువుకు ముప్పై ఐదు కొత్తవి. అరవైకి ముప్పై ఐదు కలిస్తే దాదాపు పాత లెక్కే. అదే పది ఆడవాటిని కొట్టారనుకోండి. అరవై కాస్తా యాభై, పిల్లలు ఇరవై ఐదు, మొత్తం డెబ్బై ఐదు. పది తుపాకీ దెబ్బలకు ఇరవై జింకల తేడా. మగవాటిని పది కొడితే పది తగ్గుతాయి, అంతటితో సరి. మిగిలిన మగవి సరిపోతాయి.

2012 కరవులో మా మిస్సోరిలో కూడా ఇదే జబ్బు పెట్రేగింది. పాత పద్ధతిలోనే ఆడవాటిని కొట్టినవాళ్లలో నేనూ ఒకడిని. ఆ తరువాత మూడు సీజన్లు అదే ప్రభుత్వ భూమిలో ఉత్త చేతులతో తిరిగాను. తప్పంతా పురుగుదే అనుకున్నాను కొన్నాళ్లు.

రావు గారికి: వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరిన మరునాడు ఆ తుపాకీ ఇంట్లో ఉంటే ఏమవుతుందో మీ కుర్రాడిని లాయరును అడగమనండి. విల్లుకు ఆ చట్టంతో పని లేదు. విల్లుతో మొదలుపెట్టమనండి, వేట శిక్షణ తరగతికి వెళ్లమనండి.

---

వాగుకవతల | నవంబర్ 11, మధ్యాహ్నం 1:15

లెక్క బాగుంది తమ్ముడూ, కానీ ప్రతి లోయలో నలభై పోలేదు. కొన్నిచోట్ల ఐదు పోయాయి, కొన్నిచోట్ల ఏమీ పోలేదు. నిండుగా ఉన్న లోయలో కూడా ఆడవాటిని వదిలేస్తే చలికాలం మేతకు అవి కొట్టుకోవాలి. బతికినవాటిలో రోగనిరోధక శక్తి కూడా మిగులుతుంది, తల్లి పాలతో పిల్లకు కొన్నాళ్లు అందుతుంది. టెక్సాస్ లాంటి దక్షిణాదిలో ఈ వైరస్ ఎప్పుడూ ఉండేదే కాబట్టి అక్కడి జింకలు తట్టుకుంటాయి. ఉత్తరాదికి అప్పుడప్పుడూ వస్తుంది, వచ్చినప్పుడు ఊడ్చేస్తుంది.

---

తూకంరాయి | నవంబర్ 11, మధ్యాహ్నం 1:40

నిండుగా ఉందో లేదో మీకు తెలుస్తుందన్నా, ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నారు. నాలుగేళ్ల అనుభవం ఉన్నవాడికి తెలుస్తుందా? తెలియనప్పుడు వదిలేయడమే మేలు.

---

సందేహాలరావు | నవంబర్ 11, మధ్యాహ్నం 2:05

మరి జాంబీ డీర్ అని వార్తల్లో వస్తుంది కదా, అదీ ఇదీ ఒకటేనా?

---

గొర్రెలడాక్టర్ | నవంబర్ 11, మధ్యాహ్నం 3:30

కాదు, రావు గారూ. అది సీడబ్ల్యూడీ, అంటే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. వైరస్ కాదు, ప్రియాన్ అనే వంకరపోయిన ప్రోటీన్. 1967లో కొలరాడోలో, పెంపకంలో ఉన్న జింకల్లో మొదట చూశారు. నెలలు, ఏళ్ల తరబడి మెల్లగా తినేస్తుంది. పట్టిందా, ఇక బతకడం లేదు. ఎముకలు కుళ్లిన నేలలో కూడా ఏళ్లపాటు మిగిలి ఉంటుంది. ఒహాయో అడవి జింకల్లో మొదటి కేసు వయాండాట్ కౌంటీలో బయటపడింది, ఏథెన్స్‌కు అది చాలా దూరం. మనిషికి సోకినట్టు రుజువు లేదు, అయినా పరీక్షలో పాజిటివ్ వచ్చిన మాంసం తినవద్దనే చెబుతున్నారు.

నన్నడిగితే ఈహెచ్‌డీ తుపాను లాంటిది, వచ్చి పోతుంది. రెండోది చెద. రెంటినీ కలిపి భయపడకండి.

---

నిర్వాహకుడు | నవంబర్ 11, సాయంత్రం 6:00

నల్లమలగాలి గారి మీద వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. అభిప్రాయాన్ని తిట్టండి, ఊరిని తిట్టకండి. చర్చ కొనసాగించవచ్చు.

---

మంచెమీద | డిసెంబర్ 8, రాత్రి 10:20

ఆలస్యానికి క్షమించండి. వెళ్లి వచ్చాను. 1, 2, 3 తేదీల్లో, ఆఫీసు మిత్రుడు ఒకరితో కలిసి. ఇద్దరం ముందే ఒక ఒప్పందానికి వచ్చాం: మూడు గట్లు నడిచి చూశాకే తూటా ఎక్కించాలి, ఆడవాటిని ముట్టకూడదు. తూకంరాయి గారి లెక్క కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. మిత్రుడికి తెలుగు రాదు, అంకెలు చూపిస్తే సరిపోయింది.

మొదటి రోజు పాత వాగుకు వెళ్లాను. వద్దన్నారు, అయినా వెళ్లాను. ఎముకలు చెదిరి ఉన్నాయి, వెన్నుపూస ఒకటి గులకరాళ్ల మధ్య రాయిలాగే కలిసిపోయింది. కొత్త పాదముద్ర ఒక్కటీ లేదు. రెండో రోజు మూడో గట్టు మీద ఎర్ర ఓక్ కింద తాజా పెంటికలు. కెంటకీ అన్నగారికి నమస్కారం.

సూర్యుడు లేచిన కాసేపటికి ఒక తల్లి, వెనక ఈ ఏటి పిల్లలు రెండు వచ్చాయి. నలభై అడుగులు. తల్లి నిలబడి, ముక్కు ఎత్తి, ఒక ముందు కాలితో నేలను తట్టింది. ఆ చప్పుడు నాకు వినబడింది. నేను తుపాకీ ఎత్తలేదు. గొప్పతనమేమీ కాదు, వేళ్లు కొయ్యబారి ఉన్నాయి, పైగా ఒప్పందం ఉంది. పర్మిట్ అలాగే మిగిలింది.

మూడో రోజు మిత్రుడు అదే గట్టుకు అవతలి వైపు ఏడాదిన్నర వయసున్న మగదాన్ని కొట్టాడు. లోపల చూశాం, శుభ్రంగా ఉంది, కొవ్వు బాగానే పట్టింది. కాళ్లు కోస్తుంటే ముందు గిట్ట మీద అడ్డంగా ఒక గాడి కనబడింది. గోరు పెట్టి లాగితే గోరు అందులో ఇరుక్కునేంత లోతు. నాలుగు గిట్టలకూ ఒకే ఎత్తులో ఉంది. డాక్టర్ గారూ, అదేనా?

మాంసంలో సగం ఫార్మర్స్ అండ్ హంటర్స్ ఫీడింగ్ ద హంగ్రీ అనే దాన సంస్థ వారికి అందేలా ఇచ్చాడు. నాకు ఒక తొడ పంచాడు.

---

గొర్రెలడాక్టర్ | డిసెంబర్ 8, రాత్రి 10:48

అదే. గట్టి జ్వరం వచ్చినప్పుడు గిట్ట పెరుగుదల ఆగుతుంది. జ్వరం తగ్గాక మళ్లీ మొదలవుతుంది, మధ్యలో గాడి మిగులుతుంది. మీ మిత్రుడు కొట్టింది జబ్బు పడి లేచిన జింకను. గొర్రెల్లో ఎన్నిసార్లో చూశాను, జింకలో ఎప్పుడూ చూడలేదు. పారేయలేదు కదా? ఫోటో పెట్టండి. వీలైతే ఒక గిట్ట ఫ్రీజర్‌లో ఉంచండి, సంక్రాంతికి కొలంబస్ వస్తున్నాం.

---

నల్లమలగాలి | డిసెంబర్ 9, ఉదయం 7:10

తల్లిని వదిలినందుకు సంతోషం. గట్టు అవతలి దాని గురించి నా మాట మారలేదు. గిట్ట ఫోటో నాకూ చూడాలని ఉంది, ఇక్కడ రేంజర్ గారికి చూపిస్తాను.

---

మంచెమీద | డిసెంబర్ 9, ఉదయం 8:05

ఫోటో సాయంత్రం పెడతాను. గిట్టను రెండు సంచుల్లో చుట్టి, కరివేపాకు డబ్బా వెనక దాచాను. డాక్టర్ గారూ, సంక్రాంతి లోపల మా ఆవిడ చూస్తే ఫోను మీకే ఇస్తాను.